సారక్క గొంతు

జనవరి 19, ఆదివారం. మానుకోట

రూముకు వచ్చుడుతోనే స్నానం చేసిన. అన్నం తిన్నంక మళ్ళొకసారి చేసిన.

పొద్దున బండికి హైదరాబాద్ పోయి, మా సొంత అన్న, మ్యూజిక్ డైరెక్టర్ ప్రతాపన్న స్టూడియోల ట్రాక్ పాడి వచ్చిన. అసలు సింగర్ వచ్చి పాడేదాక ఖాళీ జాగల నిలబెట్టే గొంతు నాది. అన్న సినిమాలకు చాన పాడిన. ఎన్నడు గిట్ల అనిపియ్యలే. పాట మొత్తం రాయను. ఒక్క లైను రాస్త, రేపు నేనే నమ్మకపోతనేమోనని: "కాంటా మీద కూసున్న, కాయకాయకు తూకమెయ్యి." దీని కింద ఇంకా ఉన్నయి, ఇంతకంటె రోతవి.

పాట రాసినాయన సోఫాల కాళ్ళు చాపుకొని, పాన్ పరాగ్ నములుకుంట, "అమ్మాయిగారూ, ఆ కాయ దగ్గర కొంచెం నవ్వినట్టు అనండి" అన్నడు. అట్లనే పాడిన, నవ్వినట్టే. ఆయన తొడ మీద చరుచుకున్నడు.

"ట్రాకే గదనే. నీ పేరు యాడ రాదు" అన్నడు ప్రతాపన్న. అది నాకు ధైర్యం చెప్పుడంట.

బొంబాయి నుంచి ఎవరో వచ్చి పాడుతదంట. పాడనీ. ఆమె నోరు, ఆమె ఇష్టం. నాకేం సంబంధం లేదు.

జనవరి 20, సోమవారం

స్కూల్ల ఐదో తరగతోళ్ళకు సరళీ స్వరాలు. షడ్జం కాడనే నేను ఆపి, పిల్లలనే పాడుమన్న. జలుబని చెప్పిన.

జనవరి 26, ఆదివారం. జనగామ

స్కూల్ల జెండా పాట పాడిచ్చి, బండెక్కి ఇంటికొచ్చిన.

బాపు సంగీతం క్లాసు నడుస్తున్నది. పిల్లలున్నంత సేపు నేను 'నాన్నగారూ' అనాలె. వాళ్ళు పోయినంక 'బాపూ' అన్నా పలుకుతడు. బయట బోర్డు మీద 'విద్వాన్ శ్రీకృష్ణ' అని ఉంటది. రేషన్ కార్డుల కిష్టయ్య. అద్దాల బీరువల శాలువలు మడతలు వెట్టి పేర్చుకున్నడు, పురుగు పట్టకుంట నడుమల కర్పూరం గోళీలు. ఆ వాసనకు నేను చిన్నప్పటి సంది ముక్కు మూసుకుంట. మంది ముంగట వంగి వంగి తెచ్చుకున్న శాలువలు. ఒక్కటి కప్పుకోడు, ఒక్కటి ఎవ్వరికియ్యడు.

గోడకు అందరు విద్వాంసుల పటాలున్నయి. మా ఓదెలు తాత పటం లేదు. తాత పొద్దంత గడ్డాలు గీకి, పెండ్లిండ్లల్ల సన్నాయి ఊదేటోడు. ఓదెలు సన్నాయి లేని పెండ్లి పెండ్లే గాదని జనగామ చుట్టుముట్టు ముసలోళ్ళు ఇప్పటికీ అంటరు. బాపు ఆయన కొడుకు. ఫిడేలు నేర్సి, హైదరాబాద్ పోయి, సినిమా పాటల్ల ఇరవైమంది ఫిడేలోళ్ళల్ల ఒకడై వాయించిండు. కీబోర్డులొచ్చి పని వోయినంక వాపసొచ్చి ఈ విద్యాలయం పెట్టిండు. ఎవరన్న అడిగితె "మా తండ్రిగారు నాదస్వర విద్వాంసులండీ" అంటడు. కత్తి మాట ఎత్తడు. కత్తి పట్టి బతుకుట్ల తప్పేమున్నది? ఆ చేతులే గదా బాపుకు ఫిడేలు కొనిచ్చినయి.

అమ్మ పేరు సారక్క. మేడారం మొక్కు పేరు. పెండ్లయిన యేడే బాపు దాన్ని శారద చేసిండు. అమ్మ సినిమాల్ల కోరస్ పాడేది. ఒక మ్యూజిక్ డైరెక్టర్ గుంపుల నుంచి ఆమె గొంతు పట్టుకొని, మెయిన్ పాట ఇస్తనన్నడంట. "మా ఆవిడకు యాస పోదండీ, మీరు నవ్వులపాలవుతారు" అని బాపే ఒద్దనిపిచ్చిండు. ఈ ముచ్చట అమ్మ ఎన్నడు చెప్పలే. బాపే చెప్తడు. సంగీతం పట్ల తనకెంత నిష్ఠ ఉన్నదో చెప్పెటందుకు చెప్తడు.

ఎనిమిదేండ్ల కింద థైరాయిడ్ ఆపరేషన్ల అమ్మ గొంతు పోయింది. మాట వస్తది గని బొంగురు, రంపం కోసినట్టు. "క్లాసు నడిచేటప్పుడు నువ్వు నోరు తెరవకు, పిల్లల శ్రుతి చెడుతది" అన్నడు బాపు. ఆ మాటతోనే అమ్మ సంచి సదురుకున్నది. తల్లిగారూరు చెల్పూరు వోయి, కరెంటు ప్లాంటు గేటు కాడ టిఫిన్ బండి పెట్టుకున్నది. నేనా, నేను కొన్నాళ్ళకు మానుకోటల ఉద్యోగం చూసుకున్న.

ఇయ్యాల అన్న కూడ వచ్చిండు. మంచం కింది పెట్టెల అమ్మ క్యాసెట్లున్నయి, మా చిన్నప్పుడు ఇంట్ల సాధన చేస్తుంటె పట్టినయి. "బూజు పడుతున్నయే. కంప్యూటర్ల ఎక్కిచ్చి దాస్త" అన్నడు. ఒక్కొక్కటి తుడిచి, గుడ్డ సంచిల పెట్టి నేనే చేతికిచ్చిన. మా ఇంట్ల ఒక్కనికన్న అమ్మ గొంతు యాదికొచ్చిందని సంబురపడ్డ.

ఫిబ్రవరి 6, గురువారం

అన్నకు ఫోన్ చేసిన. "క్యాసెట్లు ఏమైనయి?" అంటె "అయితున్నయి, అయితున్నయి" అని నవ్విండు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇయ్యాల విన్నది రాయబుద్ధి అయితలేదు. అయినా రాస్త.

స్కూల్ల యానివర్సరీ ప్రాక్టీసు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు గ్రౌండుల కొత్త పాటకు డ్యాన్సు చేస్తున్రు. నేను స్టాఫ్ రూముల ఉన్న. ముందుగాల పాట గుర్తువట్టిన. మొన్న వచ్చిందంట సినిమా పాట, నేను ట్రాక్ పాడిందే. బొంబాయి ఆమె ఎట్ల పాడిందో అని కిటికీ కాడికి పోయిన.

బొంబాయి ఆమె గాదు. అమ్మ.

మా అమ్మ. ఎనిమిదేండ్ల కింద పోయిన గొంతు. లైను కొసకు ఆ చిన్న జీర, పాకం తీగ తెగినట్టు. నన్ను నిద్ర లేపిన గొంతు, బడికి పోయేటప్పుడు గడప కాడికెల్లి పిలిచిన గొంతు. అది "కాయకాయకు తూకమెయ్యి" అంటున్నది. నవ్వినట్టు అంటున్నది. దానికి తొమ్మిదో తరగతి పిల్లలు నడుములు ఊపుతున్రు. కరెస్పాండెంట్ సారు కుర్చీ వేసుకొని కూసోని తాళం వేస్తుండు.

నల్లా కాడికి పోయి కక్కిన.

తెలుగు చెప్పే మేడం వీపు రాసింది. "గ్యాసా?" అన్నది. అవునన్న. ఆమెనే చెప్పింది: "ఏం గొంతు మేడం అది! పాత కాలం ఆమె అంట. ఇప్పుడు గొంతు లేదంట పాపం. మిషన్ తోని మళ్ళ పుట్టిచ్చిన్రంట. కొడుకే చేసిండంట. అసొంటి కొడుకు ఉండాలె."

ఫిబ్రవరి 15, శనివారం

అన్న రాత్రంత ఫోన్ ఎత్తలే. పొద్దున ఎత్తిండు.

"అమ్మనడిగినవా?"

"సర్‌ప్రైజ్ ఇద్దామని."

"ఆ మాటలు అమ్మ నోట్ల ఎట్ల పెట్టినవు?"

"పాడింది అమ్మ గాదే. మిషను. క్యాసెట్లు వినిపిస్తె అది గొంతు నేర్సుకుంటది."

"మరి పేరెవరిది ఏసినవు?"

"అమ్మదే. గానం శారద. జిందగీల మొదటిసారి ఆమె పేరు తెర మీద పడ్డది. సంబురపడాల్సింది పోయి ఏడుస్తవేంది?"

బూతుకేమో మిషను, పేరుకేమో అమ్మ. ఇట్ల రెండు దిక్కులా నడిచే నాలుక బాపు నుంచి వచ్చింది వానికి.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇయ్యాల పాట వినలే.

విన్న. మాటలకోసం గాదు. చెవులకు పెట్టుకొని, కండ్లు మూసుకొని, మాటలు పక్కకు నూకి, గొంతొక్కటే విన్న. చాన సార్లు విన్న. ఏడుపొచ్చేటంత మంచిగున్నది. అందుకే రోత.

ఒక దగ్గర ఏందో తెలిసినట్టు అనిపించింది. ఆపేసిన.

ఫిబ్రవరి 20, గురువారం

బాపు ఇంటర్వ్యూ యూట్యూబుల వచ్చింది. పట్టు లాల్చీ, నుదుట పెద్ద బొట్టు, వెనుక శాలువల బీరువ. "నా శారద గొంతు మూగబోయిన రోజు నా ఫిడేలు కూడా మూగబోయిందండీ" అన్నడు. అండీ! ఇంట్ల అమ్మను ఒక్కనాడు పేరువెట్టి పిలవలే, 'ఏయ్' అనేటోడు. "ఆమె పాడాలని నేను ఎంత తపించానో ఆ భగవంతుడికే తెలుసు." కండ్లద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నడు. నిజంగనే తడున్నది కండ్లల్ల. అదే నాకు అర్థం గాదు. అబద్ధానికి నీళ్ళు యాడికెల్లి వస్తయి?

కింద మంది రాసిన్రు: భర్త అంటే ఇట్ల ఉండాలె. ఒకామె చేతులు జోడిచ్చిన బొమ్మలు పెట్టింది.

సాయంత్రం అన్న ఫోన్. మార్చి రెండున జనగామల సన్మానమంట. ఫంక్షన్ హాల్ బుక్ చేసిన్రు. నిర్మాత వస్తుండు. ఇదే గొంతుతోని ఇంకో సినిమాల పాటలన్ని చేస్తరంట, భక్తి పాటల ఆల్బం కూడ. ఆ సంగతి స్టేజీ మీదనే చెప్పి, అమ్మతోని దండం పెట్టిస్తరంట.

"నువ్వే పోయి తోల్కరా. నేనంటె రాదు. మాట్లాడే పని లేదని చెప్పు. మంచి చీర కట్టుకొని కూసుంటె సాలు."

నేను తోల్కరాను. పోయి, రావొద్దని చెప్పి వస్త.

ఫిబ్రవరి 23, ఆదివారం. చెల్పూరు

బస్సు దిగంగనే పొగ గొట్టాలు. అమ్మ టిఫిన్ బండి రేకుల మీద సన్నగ బూడిద. అమ్మ దాన్ని తుడుచుకుంటనే ఉంటది, అది పడుతనే ఉంటది.

పొద్దుటి షిఫ్టు దిగిన కూలోళ్ళు తింటున్రు. ఒకాయన అంగి జేబుల ఫోన్ల పాట మోగుతున్నది. గదే. "అవ్వా, ఇంక రెండు గారెలెయ్యి" అన్నడు ఆయన. అమ్మ గారెలు వేసింది, పల్లి చట్నీ పోసింది. జేబుల్నుంచి ఆమె గొంతు కాయ తూకమెయ్యిమంటున్నది. ఆయనకు తెలువది. నాకు ఆ ఫోన్ గుంజి బాయిల ఎయ్యాలనిపించింది.

గిరాకి పల్చబడ్డంక అడిగిన. "విన్నవానే?"

"వారం సంది ప్లాంటంత గిదే గదా" అన్నది అమ్మ. రంపం గొంతు.

"నీకు రోత అయితలేదా?"

చెయ్యి కొంగుకు తుడుచుకున్నది. "మాటలు రోతే. గొంతు మంచిగున్నది. పడుసుదాని లెక్క ఉన్నది." రేకు మీది బూడిద మళ్ళ తుడిచింది. "గని ఊపిరి నాది గాదు."

నేను చట్నీ గిన్నె కడుగుతున్న. తల ఎత్తలే.

"కాయకాయకు అనేకాడ మాట నడుమ ఇరగ్గొట్టి ఊపిరి తీసింది. నేను సచ్చినా అట్ల తియ్య. ఆ అలవాటు మానుమని చిన్నప్పుడు నిన్ను ఎన్నిసార్లు కొట్టిన మోహనా? మానలే నువ్వు."

గిన్నె మీదికెల్లి నీళ్ళు పోతనే ఉన్నయి. మొన్న చెవులల్ల ఏం తెలిసిందో, తెలిసి ఎందుకు ఆపిన్నో, ఇప్పుడు రాస్తున్న. బొంబాయి ఆమె ఎన్నడు లేదు. నేను పాడిందాని మీదనే అన్న మిషన్ తోని అమ్మ గొంతు ఎక్కిచ్చిండు. ఊపిరి నాది, నవ్వు నాది, బూతు నాది. తోలు అమ్మది.

"నాకు ట్రాకని చెప్పిండు" అన్న నేను.

"ఏడ్వకు. మళ్ళ గిరాకొస్తది" అన్నది అమ్మ. తిట్టలే. తిడితె బాగుండు.

తర్వాత సన్మానం ముచ్చట చెప్పిన. అట్లనే, పోవొద్దని చెప్పిన. వాళ్ళందరు నిన్ను బొమ్మ లెక్క కూసోబెడ్తరని, ఇంకా పాటలు చేసుకుంటరని అంత చెప్పిన. అమ్మ అంత విని, "మైకు ఉంటదా?" అన్నది.

"ఉంటది. నీకియ్యరు."

"వస్త. ఏ చీర కట్టుకోవాలె?"

పెట్టె తీసి చీరలు మంచం మీద పరిచింది. ఆకుపచ్చదా, మెరూనా అని నన్నడిగింది. ఒక్క చీరను ఒంటి మీద వేసుకొని అద్దంల చూసుకున్నది. నవ్వింది కూడ.

ఫిబ్రవరి 24, సోమవారం

అమ్మ గూడ. శాలువ అంటె అందరికి అంతనే.

బాపుకు, అన్నకు అయిన రోత వేరు. ఇది వేరు. ఇది మింగుడు పడ్తలేదు.

మార్చి 1, శనివారం

నేను జనగామ పోను. అమ్మ ఒక్కతే బస్సుల వస్తది, వాళ్ళే దించుకుంటరు. నాకు పేపర్లు దిద్దేటియి ఉన్నయి.

మార్చి 3, సోమవారం. మానుకోట

పోయిన. నిన్నటి సంగతి నిన్న రాయలేకపోయిన. అమ్మ ఇక్కడనే నా మంచం మీద పడుకున్నది. లీవు పెట్టిన.

హైదరాబాద్ రోడ్డు మీది ఫంక్షన్ హాలు. పగలు పదకొండు గంటలకే మంది నిండిన్రు. బాపు విద్యార్థులు, అన్న దోస్తులు, ఆ పాట కోసమే వచ్చిన పోరగాండ్లు. స్టేజీ వెనుక పెద్ద ఫ్లెక్సీ. అమ్మ పాత ఫోటో తీసి తెల్లగ చేసిన్రు. ముక్కుపుడక తీసేసిన్రు. కింద 'గానకోకిల శారద'.

అమ్మ ఆకుపచ్చ చీర కట్టుకున్నది. స్టేజీ మీద బాపు పక్కన కూసున్నది. ఇన్నేండ్ల తర్వాత బాపు ఆమె దిక్కు మొదటిసారి చూసిండు, ఫోటోలాయన ముఖం ఇటు తిప్పమన్నప్పుడు. చెయ్యి తీసి ఆమె చెయ్యి మీద పెట్టిండు. ఫోటో అయినంక తీసిండు. నేను కింద మూడో వరుసల ఉన్న. అంత దూరంల కూడ కర్పూరం గోళీల వాసన వచ్చినట్టే అనిపించింది.

నిర్మాత మాట్లాడిండు. ఇదే గొంతుతోని ఇంకా ఎన్నో పాటలొస్తయన్నడు. పాట రాసినాయన లేచి, తెలంగాణ మట్టివాసన అన్నడు. తెలంగాణ అంటె ఆయనకు కాయలు, కాంటా. బాపు లేచి మళ్ళ ఏడ్చిండు. యాంకర్ పిల్ల అన్నది: "శారదమ్మగారు మాట్లాడలేరు కాబట్టి, ఆమె కన్నీళ్ళే ఆమె మాటలనుకుందాం!" చప్పట్లు.

అమ్మ కండ్లల్ల చుక్క లేదు. లేచి పోయి ఆ పిల్ల చేతులకెల్లి మైకు తీసుకున్నది. గుంజుకోలే. "ఇటియ్యి బిడ్డా" అన్నది, ఆ పిల్ల ఇచ్చింది.

"నాకు మాటొస్తది" అన్నది అమ్మ. స్పీకర్లల్ల ఆ బొంగురు గొంతు పెద్దగ వచ్చేసరికి వెనుక ఎవడో ఈల వేసిండు. కొందరు నవ్విన్రు. "గొంతే పోయింది, మాట పోలే. నా పేరు శారద గాదు. సారక్క. మాది చెల్పూరు. మా నాయిన డోలు కొట్టేటోడు, మా మామ ఓదెలు సన్నాయి ఊదేటోడు, గడ్డాలు చేసేటోడు. ఈ ఊరోళ్ళకు ఎరుకే."

బాపు ముఖం మీద నవ్వు అట్లనే ఉన్నది, కింద దవడ కొట్టుకుంటున్నది.

"గీ పాట నేను పాడలే. నన్ను ఎవ్వలు అడగలే. గొంతున్ననాడు పాడనియ్యలే. పోయినంక పాడిపిస్తున్రు."

అన్న స్టేజీ అంచుకు వచ్చి మిక్సర్ కాడికి చెయ్యి ఊపిండు. పాట మొదలైంది. ఫుల్ సౌండు. అమ్మ నోరు కదులుతున్నది, మాట వినరాదు. ఆమె మాట మీద ఆమె గొంతే వచ్చి కూసున్నది. వెనుక పోరగాండ్లు కుర్చీలు జరిపి ఎగురుడు వెట్టిన్రు. కాయకాయకు. అమ్మ మైకు వదలలే, మాట్లాడుడు ఆపలే. అన్న నవ్వుకుంట చప్పట్లు కొడుతుండు, ఇదంత ప్రోగ్రాంల ఉన్నట్టే. మాట నడుమ నా ఊపిరి వినవడ్డది. కుర్చీల నుంచి లేచిన.

మిక్సర్ కాడికి ఎట్ల పోయిన్నో యాదిలేదు. "ఆపుండ్రి" అన్న.

"ప్రతాపన్న చెప్పిండు మేడం" అన్నడు అక్కడున్నాయన.

వైరు యాడ ఉన్నదో నాకు తెలుసు. సంగీతం ఇంట్ల పుట్టినందుకు గంతన్న నేర్సుకున్న. మెయిన్ బోర్డుకెల్లి గుంజిన. పాట పోయింది, మైకు పోయింది, ఫ్యాన్లు కూడ ఆగినయి.

నిశ్శబ్దంల అమ్మ గొంతు వచ్చింది. మైకు లేకుంట. ముందటి నాలుగు వరుసలకు వినవడ్డదేమో. "ఇంగ నా గొంతుతోని ఒక్క పాట చెయ్యొద్దు. నా కొడుకు గని, ఎవ్వలు గని. నేను బతికున్న. అందరి ముంగట చెప్తున్న. గిది చెప్పెటందుకే వచ్చిన." మైకు కుర్చీల పెట్టి, కొంగు సదురుకొని మెట్లు దిగింది.

గిది చెప్పెటందుకే. చీరలు పరిచి, అద్దంల చూసుకొని నవ్వింది గిందుకే. నేను వారం దినాలు ఆమెను మనసుల ఏమేమి అనుకున్న! పైన రాసింది కొట్టెయ్యను. ఉండనీ.

బయట కార్ల కాడ బాపు మమ్మల్ని పట్టుకున్నడు. శాలువ ఇంకా భుజం మీదనే ఉన్నది. ఎవరన్న వింటున్రా అని అటిటు చూసి, సన్నగ అన్నడు: "నన్ను బజార్ల పెట్టిన్రు గదనే. ఎంత ఎత్తుకు తెచ్చినా మంగలి బుద్ధులు పోవు."

జిందగీ మొత్తం దాసిన మాట. తన తండ్రి మాట. చివరికి మమ్మల్ని తిట్టెటందుకు బయటికి తీసిండు. నేను నోరు తెరిచిన, అమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

"మంగలోళ్ళమే గదయ్యా" అన్నది. "నువ్వు గూడ."

ఆటో ఎక్కినం.

మార్చి 6, గురువారం

హాల్ల ఎవరో తీసిన వీడియో తిరుగుతున్నది. సగంమంది అమ్మను మెచ్చుకుంటున్రు. సగం మంది, కొడుకు పైకొస్తుంటె ఓర్వలేని తల్లి అంటున్రు. ఆ గొంతును వెక్కిరిచ్చుకుంట రీలు చేసిండు ఒకడు. చూసి ఫోన్ పక్కకు పడేసిన.

పొద్దుగూకంగ అన్న ఫోన్. నిర్మాత కేసులకు భయపడి ఎనుకకు పోయిండంట. ఆల్బం లేదు, ఆ సినిమా లేదు. విడుదలైన పాట మాత్రం తీసెయ్యరంట, అది కంపెనీదంట.

"నన్ను ముంచిన్రు మీ ఇద్దరు" అన్నడు. ఫోన్ పెట్టేస్తడనుకున్న. పెట్టలే. ముక్కు ఎగబీల్చిన సప్పుడైంది.

"ముందుగాల పాట కోసం చెయ్యలేనే" అన్నడు. "క్యాసెట్లన్ని ఎక్కిచ్చినంక, పని చేస్తదా లేదా అని ఒక్క మాట టైపు చేసి చూసిన. 'పతాపూ, తిన్నవా బిడ్డా' అని. అన్నది. అమ్మ అన్నట్టే అన్నది. తెల్లారేదాక అక్కడనే కూసున్న. మళ్ళ మళ్ళ అనిపిచ్చుకున్న."

"చెల్పూరు పోతె నిజంగనే అంటది గదరా. ఎన్నిసార్లు పోయినవు?"

ఒక్కసారి గూడ పోలేదు. నాకు ఎరుకే.

వానిమీద జాలి పుట్టింది. ఆ జాలి మీద నాకు అసహ్యం పుట్టింది. పేరు కూడ అమ్మ పిలిచినట్టే పిలిపిచ్చుకున్నడు, పతాపూ అని. ఆ ప్రేమనే తీస్కపోయి కాంటా మీద కూసోబెట్టిండు.

అమ్మకు చెప్పిన. వింటనే చిక్కుడుకాయ ఈనెలు తీసింది. "తిన్నడంటనా?" అన్నది ఆఖరుకు.

మార్చి 9, ఆదివారం

అమ్మను దించెటందుకు పొద్దున బయలెల్లినం. ఆ దినం గట్టిగ మాట్లాడినందుకు గొంతు వాచి, వారమంత నా కాడనే ఉన్నది, ఉప్పు నీళ్ళు పుక్కిలించుకుంట. హనుమకొండల భూపాలపల్లి బస్సు మారినం.

పరకాల దాటినంక ఒకామె ఎక్కి మా ముందటి సీట్ల కూసున్నది. ఒడిల ఎండు మిరపకాయల సంచి. నాకంటె పదేండ్లు పెద్దదేమో. సంచి సదురుకొని ఫోన్ తీసింది, పాట పెట్టింది.

గదే పాట.

నేను లేచిన. "అమ్మా, వెనుక సీట్లకు పోదం పా." అమ్మ లేవలే. పాట మొదటి లైను అయిపోయిందాక కిటికీల నుంచి బయటికి చూసింది. తర్వాత ముందటికి వంగి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"చెల్లే, జర పాట ఆపరాదు."

"ఎందుకవ్వా? తలకాయ నొస్తున్నదా?"

"లేదు. గది నా గొంతు."

ఆమె ఎనుకకు తిరిగింది. ఆ రంపం గొంతు విని ముఖం నిండ నవ్వు రాబోయింది. అమ్మ కండ్లు చూసి ఆగింది. "నీ గొంతా?"

"నా గొంతే. నేను పాడలే."

ఆమెకు ఏం సమజైందో ఏమో. కండక్టర్ మా దిక్కు చూస్తుండు. పక్క సీటాయన "పాట బాగున్నది, ఉండనియ్యిండ్రి" అన్నడు. ఆమె ఆయన దిక్కు చూసింది, అమ్మ దిక్కు చూసింది. బొటనవేలు పెట్టి పాట ఆపింది. ఫోన్ తీసి మిరపకాయల సంచిల వేసుకున్నది.

"ఆపిన అవ్వా" అన్నది.

బస్సు సప్పుడొక్కటే మిగిలింది. మిరపకాయల ఘాటుకు అమ్మ దగ్గింది, నేను దగ్గిన, ఆమె కూడ దగ్గుకుంట నవ్వింది. చెల్పూరు వచ్చేదాక మళ్ళ పెట్టలే.